అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి

స్రెచ్కో మరాస్ కాలు జారి ట్రామ్ కింద పడ్డాడని ఆ ఉదయం జాగ్రెబ్‌లోని యెలాచిచ్ స్క్వేర్‌లో ఉన్న జనమంతా అనుకున్నారు. జారలేదు. వెనకనుంచి తోశారు. తోసిన చేతిని చూసినవాడు ఒకే ఒక్కడు, ఏజెంట్ లోవ్రో బాలెన్. అతను పూలకొట్ల దగ్గర నిలబడి స్రెచ్కో కోసమే ఎదురుచూస్తున్నాడు. బూడిదరంగు గ్లవ్ ఒకటి జనంలోంచి ముందుకొచ్చి వెనక్కి వెళ్ళిపోవడం కనిపించింది, అంతే. లోవ్రో తోసుకుంటూ వెళ్ళేసరికి ఆ చెయ్యి గొడుగుల మధ్య మాయమైంది.

స్రెచ్కో గూఢచారి కాదు. ఓసియెక్‌లో నీటి సరఫరా నెట్‌వర్క్ చూసుకునే ఇంజనీరు. ఏ పాపమూ ఎరగడు. ఫోన్‌లో పైపైన చెప్పిన అనుమానం పూర్తిగా చెప్పుకోవడానికి తెల్లవారుజామున రైలెక్కి జాగ్రెబ్ వచ్చాడు. చెప్పకుండానే పోయాడు.

మాంసం కూరిన బురెక్ రొట్టెల దుకాణం మీది అంతస్తులో, దంతవైద్యుడి బోర్డు వెనక ఉంది ప్రభుత్వ నిఘా ఏజెన్సీ ఆఫీసు. అక్కడి పెద్ద ల్యెర్కా విదాస్. ఆమెకు రిటైర్మెంట్ వయసు వచ్చి చాలాకాలమైంది, కానీ ఆ సంగతి ఆమెకి గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

“అతను వస్తున్నట్టు ఎవరెవరికి తెలుసు?” అందామె తలెత్తకుండా.

“మీకు, నాకు.”

“ఇంకా?”

“నీవెస్‌కి చెప్పాను.”

ల్యెర్కా కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. “సరే. ముందు పని సంగతి విను, ఏడుపు తర్వాత.”

పని ఇది. కంప్యూటర్ నెట్‌వర్క్‌లలో వాడే ఇంగ్లీషు మాటలకి మంచి క్రొయేషియన్ మాటలు ఏర్పరచడానికి ఒక పదజాల సంఘం ఉంది. కరెంటు, నీళ్ళు, రైళ్ళు, ఆసుపత్రులు, అన్ని శాఖల ఇంజనీర్లూ అందులో సభ్యులు. శనివారం ఉదయం కూర్చుని ఒక్కొక్క మాట మీదా హోరాహోరీగా వాదించుకుంటారు. ఒప్పుకున్న మాటలు పదకోశంలోకి ఎక్కుతాయి. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి గ్రిచ్ కొండమీద ఫిరంగి పేలుతుంది, ఆ సమయానికి దేశంలోని కంట్రోల్ రూములన్నీ ఆ కొత్త మాటలను తమంతట తామే దించుకుంటాయి, తెరలమీద ఇంగ్లీషు పోయి సొంతమాట రావాలని. ఎవరికీ అనుమానం రాని దారి. డిక్షనరీని ఎవరు తనిఖీ చేస్తారు?

“స్రెచ్కో చేశాడు,” అంది ల్యెర్కా. “రాబోయే శనివారానికి తయారుచేసిన ఫైలు చూసి, నాలుగు మాటలకి ఇంత బరువేమిటని ఫోన్ చేశాడు. మనవాళ్ళు విప్పి చూశారు. మాటల కింద విషం దాచారు. అది కంట్రోల్ రూముల్లోకి దిగిందంటే ఈ జనవరి చలిలో దేశమంతా కరెంటు పోతుంది. ఆసుపత్రులతో సహా. చేస్తున్నది పెలికాన్ ముఠా.”

“ఫైలు తీసేయండి.”

“తీసేస్తే మనకి తెలిసిందని వాళ్ళకి తెలుస్తుంది. ఇంకో దారిన వస్తారు, అది మనకి తెలీదు. కంట్రోల్ రూములకి ఫోన్ చేసి ఆపమందామంటే ఎవరు ఎవరి మనిషో తెలీదు. లోపల వాళ్ళ మనిషి ఒకరున్నారు. బయటినుంచి నడిపించేవాడు ఒకడున్నాడు. నాకు ఇద్దరూ కావాలి.”

“లోపల మన మనిషి కూడా ఉంది కదా, మేడమ్.”

“ఉంది,” అంది ల్యెర్కా, అదోలా.

ఆ మనిషే నీవెస్ కలేబ్. సంఘం కార్యదర్శి. ఏజెన్సీ ఫైళ్ళలో ఆమె పేరు ‘లావెండర్’. రెండేళ్ళ కిందట ఆమెను పనిలోకి తీసుకున్నది లోవ్రో. అంతకంటే ముందు కాఫీకి తీసుకెళ్ళింది కూడా అతనే. ఆకుపచ్చ కోటు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎదుటివాడు తప్పుమాట వాడితే ఒకపక్కకి వంకర తిరిగే పెదవి. వసంతంలో ఆమె సొంతూరు షిబెనిక్‌లో పెళ్ళి అనుకున్నారు. ఆమె తల్లి అప్పుడే వైన్ పక్కన పెట్టించింది.

“పందెం కాస్తావా?” అంది ల్యెర్కా. “ఒక అబద్ధం ఆమెకి మాత్రమే చెప్పు. స్రెచ్కో ఆ ఫైలు కాపీ రైల్వేస్టేషన్ లాకర్లో పెట్టాడను. రేపు మనం తీస్తామను. లాకర్ దగ్గరికి ఎవరూ రాకపోతే మీ పెళ్ళికి నేనే సాక్షి సంతకం పెడతాను.”

లోవ్రో ఒప్పుకున్నాడు. నిజానికి ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ ముసలమ్మ సంతకం పెట్టేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ మెట్లు దిగాడు.

కేఫ్‌లో నీవెస్ కాఫీ కలుపుతూ విన్నది. స్రెచ్కో పేరు రాగానే ఆమె కళ్ళు తడిశాయి.

“మొన్ననే కదా, ఫైర్‌వాల్‌కి ‘వత్రోజీద్’ అన్న మాట బాగుందని, ఓసియెక్ వెళ్ళి అందరితో అనిపిస్తానని నవ్వాడు,” అంది. “ఎంత మంచివాడు అతను, లోవ్రో.”

“లాకర్ సంగతి ఎవరితోనూ అనకు.”

“నేనెవరితో అంటాను, నీతో తప్ప?”

ఆమె అతని చేతిమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అబద్ధం చెప్పినందుకు లోవ్రోకి సిగ్గేసింది.

ఆ సాయంత్రం స్టేషన్ ముందు చెస్ట్‌నట్‌లు వేయించి అమ్మేవాడికి పెద్ద మీసాలు, ఉన్ని టోపీ, కోటు గుండీలో కెమెరా ఉన్నాయి. వాడు లోవ్రో. చెవిలో ల్యెర్కా గొంతు సన్నగా గరగరలాడుతోంది.

“ఎవరూ రాలేదు మేడమ్. సంతకానికి పెన్ను వెతుక్కోండి.”

“ఓపిక పట్టు నాయనా.”

ఆకుపచ్చ కోటు కనిపించింది.

మొదట అతను నవ్వుకున్నాడు. షిబెనిక్ రైలు వివరాలు కనుక్కోవడానికి వచ్చి ఉంటుంది. ఆమె టికెట్ల వైపు వెళ్ళలేదు. అద్దాల తలుపు దాటి నేరుగా లాకర్ల వైపు నడిచింది. మారు తాళంచెవి తీసి, అతను చెప్పిన లాకర్ తెరిచి, లోపల చెయ్యి పెట్టి తడిమింది. ఖాళీ. ఒక్క క్షణం అలాగే నిలబడి ఫోన్ తీసింది. లోవ్రో జేబులో ఫోన్ చప్పుడు లేకుండా అదిరింది. తియ్యబోయి ఆగిపోయాడు. ఆమె అక్కడికి పది గజాల దూరంలో ఉంది.

ఫోన్ ఆగాక మెసేజ్ వచ్చింది. “ఎక్కడున్నావు? ఇంట్లోనే ఉన్నాను, సూప్ చేశాను, త్వరగా రా.”

పెనంమీది చెస్ట్‌నట్‌లు మాడిపోతున్నాయి. ఎవరో ముసలాయన వచ్చి, “ఏమయ్యా, బొగ్గు అమ్ముతున్నావా?” అంటున్నాడు. లోవ్రోకి వినబడలేదు. ఆమె రెండేళ్ళుగా తనతో అబద్ధమాడింది. స్రెచ్కోని ఆ ట్రామ్ కిందికి తోసిన చెయ్యి ఎవరిదైనా, ఆ చేతికి దారి చూపింది తన నోరు. ఆ నోటిని తెరిపించింది ఆ వెచ్చటి చెయ్యి.

“చూశావుగా,” అంది చెవిలో ల్యెర్కా.

“చూశాను.”

“సూప్ తాగడానికి వెళ్ళు.”

“వెళ్ళను.”

“వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆమెకి అనుమానం వస్తుంది.”

వెళ్ళాడు. తాగాడు. బాగుందన్నాడు. ఏజెంటుగా అతను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది ఆ సూప్ తాగడమే.

శనివారం ఎండ కాసింది. జనవరిలో ఎండ కాస్తే జాగ్రెబ్‌లో ఎవరూ ఇంట్లో ఉండరు. మంచి బట్టలు వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పూలచౌకు అనే కూడలిలో ఒక్క కాఫీ ముందు మధ్యాహ్నమంతా కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూసి చెవులు కొరుక్కుంటారు. సంఘం సభ్యులకి కూడా మనసంతా అక్కడే ఉంది.

స్రెచ్కో స్థానంలో ఓసియెక్ నుంచి వచ్చిన మాటో యురిచ్ అనే పేరుతో లోవ్రో కూర్చున్నాడు. గడ్డం, మందపాటి కళ్ళజోడు, కాలర్ కింద మైకు. ఈ వేషం సంగతి నీవెస్‌కి తెలుసు. లాకర్ ఖాళీగా దొరికిందని, ఫైలులో ఏముందో తమకింకా తెలీదని నమ్మించి, సంఘంలో ద్రోహిని కలిసి పట్టుకుందామని ఆమెతో చెప్పి పెట్టింది ఏజెన్సీయే. ఆమె లాప్‌టాప్ తెరుస్తూ కోడ్ మాట అంది.

“సావా నది మీద పొగమంచు తగ్గిందా, కొలేగా?”

“ఇంకా ఉంది,” అన్నాడు లోవ్రో. అదే గొంతు, అదే చిరునవ్వు. ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు ఆ ప్రశ్నకి తాను మురిసిపోయాడో తలుచుకుంటే ఒళ్ళు మండింది.

ల్యెర్కా ఆదేశం స్పష్టంగా ఉంది. ఫిరంగి పేలేలోపు ఫైలు వెళ్ళకూడదు. ఎవరూ ఆపినట్టు కనబడకూడదు. గడువు దాటితే పెలికాన్ పెద్దమనిషి ఆగలేక నీవెస్‌కి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ వస్తే వాడు ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. ఫైలు పంపే బటన్ నీవెస్ లాప్‌టాప్‌లో ఉంది. కానీ అధ్యక్షుడు ప్రొఫెసర్ ఎమిల్ జగార్ తన కార్డు పెడితేనే ఆ బటన్ పనిచేస్తుంది. ఆయన కార్డు పెట్టాలంటే జాబితాలోని చివరి మాట కూడా తేలాలి. సంఘం ఆచారం ప్రకారం ఓట్లు లెక్కపెట్టరు. ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆ మాట ఆగిపోతుంది, దానితోపాటు ఫైలూ ఆగుతుంది.

అంటే లోవ్రో చెయ్యెత్తితే సరిపోతుంది. కానీ కొత్తగా వచ్చిన మనిషి చివరి నిమిషంలో అడ్డుపడితే నీవెస్‌కి వెంటనే అర్థమైపోతుంది. ఆ క్షణమే ఆమె ఒక్క మెసేజ్ కొడుతుంది, బయటివాడు మాయమవుతాడు. అడ్డుపడేది తాను కాకూడదు. మరెవరు?

మాటలు చకచకా కదిలాయి. సర్వర్, స్విచ్, పాస్‌వర్డ్. ఎండ పుణ్యమా అని ఎవరూ పెద్దగా వాదించలేదు. రైల్వే ఇంజనీరు యగోదా పింటార్ ఒక మాటకి చిన్న సవరణ చెబితే నీవెస్ “అలాగే” అనేసింది. ఇంకో మాటకీ “అలాగే” అంది. మామూలుగా ఒక్క అక్షరం కోసం మూడు వారాలు పోట్లాడే మనిషి. ఆ “అలాగే”లు వింటున్నకొద్దీ లోవ్రో గుండె జారిపోయింది. చివరి మాట మిగిలింది.

“రూటర్,” అన్నాడు ప్రొఫెసర్. “కార్యదర్శి ప్రతిపాదన ‘ఉస్మ్యెర్నిక్’. దారి చూపేది అని. బాగానే ఉంది కదా, కానిచ్చేద్దాం.”

లోవ్రో ఆమె వైపు చూశాడు. ఈ మాట గురించి ఆమె అతనికి వంటింట్లో, రైల్లో, సముద్రపు ఒడ్డున ఎన్నిసార్లు చెప్పిందో. తన విద్యార్థులకి మొదటి పాఠం దీనితోనే మొదలుపెడుతుంది. ఒక్కసారిగా అతనికి దారి తోచింది. తోచగానే తన మీద తనకే అసహ్యం కలిగింది.

“నాకు అడ్డేమీ లేదు,” అన్నాడు బద్ధకంగా. “కాకపోతే ఓసియెక్‌లో ఆ మాట అన్నవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎలాగూ అందరూ రూటర్ అనే అంటారు. రూటర్ అనే రాసేస్తే ఏం పోయింది? అందరం త్వరగా కాఫీకి పోవచ్చు.”

గదిలో నవ్వులు. ల్యెర్కా అతని చెవిలో, “ఏం చేస్తున్నావు?” అంది.

“నిజమే,” అంది యగోదా. “మా ఇంట్లో కుక్కని రూటర్ మీద పడుకోకే అని తిడతాను. ఉస్మ్యెర్నిక్ అంటే అది లేవదు.”

“కాగితం మీద ఒకటి, నోట్లో ఒకటి. ఎన్నాళ్ళీ దొంగ కాపురం?” అన్నాడు కరెంటు శాఖ క్రెషో బోతా. “రాసేయండి ప్రొఫెసర్ గారూ. మా ఆవిడ పూలచౌకులో బల్ల పట్టుకుని కూర్చుంది.”

ప్రొఫెసర్ కార్డు చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకీ కాఫీ మీదే ధ్యాస ఉంది. “అయితే రూటర్ అనే ఉంచుదాం. ఇక ఎప్పటికీ ఇదే. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. నీవెస్ వేలు బటన్ పక్కనే ఉంది. ఊరుకుంటే చాలు. ఒక్క క్షణం నోరు మెదపకుండా ఉంటే కార్డు పడుతుంది, బటన్ వెలుగుతుంది, పెలికాన్ గెలుస్తుంది. ఆమె తల పైకెత్తి లోవ్రో కళ్ళలోకి చూసింది. పెదవి ఒకపక్కకి వంకర తిరిగింది. ఆ చూపులో అతనికి అంతా కనబడింది. ఆమెకి తెలిసిపోయింది. అతనికి తెలుసని తెలిసిపోయింది. కావాలనే ఆ మాటను అడ్డుపెట్టాడనీ తెలిసిపోయింది.

ఇప్పుడు ఫోన్ తీస్తుంది, మెసేజ్ కొడుతుంది అనుకున్నాడు లోవ్రో. చెయ్యి జేబులోని పిస్తోలు మీద వేశాడు.

కార్డు మెషిన్‌లోకి దిగబోతోంది.

నీవెస్ చెయ్యెత్తింది.

“నాకుంది.”

“అమ్మాయ్, ఇప్పుడా?” అన్నాడు ప్రొఫెసర్ నీరసంగా.

“ఇప్పుడే,” అంది ఆమె. “రూటర్ అని రాసేద్దాం. రేపు సర్వర్ అని, ఎల్లుండి స్విచ్ అని రాసేద్దాం. తర్వాత మనం దేనికి? యగోదా గారూ, మీ కుక్కకి తెలియదు సరే. మీ మనవడికి తెలియొద్దా? ఈ పెట్టె ఏం చేస్తుందని వాడు అడిగితే దారి చూపుతుంది అని మాటలోనే చెప్పొచ్చు. అది మన నోట్లో ఉన్న మాట. దాన్ని మీరు కాఫీ కోసం అమ్మేస్తున్నారు. నేను బతికుండగా ఒప్పుకోను.”

కొండమీద ఫిరంగి పేలింది. అలవాటు కొద్దీ అందరూ వాచీలు చూసుకున్నారు. దేశంలోని కంట్రోల్ రూములన్నీ ఆ క్షణాన పదకోశం తలుపు తట్టి, కొత్తది ఏమీ లేదని తెలుసుకుని వెనక్కి వెళ్ళిపోయాయి.

“సరే, వచ్చే శనివారానికి వాయిదా,” అన్నాడు ప్రొఫెసర్. కార్డు మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

కుర్చీలు కదులుతుండగా బల్లమీది నీవెస్ ఫోన్ మోగడం మొదలెట్టింది. ఆమె తీయలేదు. మోగనిచ్చింది. అది మోగుతున్నంతసేపూ చెవిలో ల్యెర్కా మనుషులు పరుగెడుతున్న చప్పుడు లోవ్రోకి వినబడుతూనే ఉంది. పూలచౌకులో, క్రెషో భార్య పక్కబల్ల దగ్గర, కాఫీ ఒక్క గుక్కలో తాగేసి ఒంటరిగా కూర్చున్న పెద్దమనిషిని రెండువైపులా పట్టుకున్నారు. బూడిదరంగు గ్లవ్‌లు తొడుక్కున్నాడట.

గది ఖాళీ అయింది. ఇద్దరే మిగిలారు.

“ఫోన్ ఎందుకు చెయ్యలేదు?” అన్నాడు లోవ్రో. “నువ్వు తప్పించుకునేదానివి.”

“ముందు ఆ మాట సంగతి తేల్చాలి కదా.” నవ్వబోయింది, రాలేదు. “నేను ఊరుకోనని నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“మా అమ్మకి కూడా తెలిసి ఉండదు, నా గురించి అంతగా. మంచిపని చేశావు లోవ్రో. నన్ను ప్రేమించి నేర్చుకున్నదంతా దాచుకుని ఇవాళ తీశావు.”

“స్రెచ్కో గురించి మాట్లాడదామా?”

ఆమె మొహం పాలిపోయింది. “భయపెడతామన్నారు. చంపుతారనుకోలేదు.”

“నాతో మొదటి కాఫీ?”

“వాళ్ళు పంపితే వచ్చాను. నీకంటే ముందునుంచీ వాళ్ళ మనిషిని.”

“రెండోది?”

ఆమె ఆకుపచ్చ కోటు భుజాన వేసుకుని, తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు మనుషుల మధ్యకి తనే నడిచి వెళ్ళింది. లోవ్రో ఆ జవాబు కోసం చాలాసేపు ఆ గదిలోనే కూర్చున్నాడు.

కింద కారులో ల్యెర్కా కాగితంలో చుట్టిన బురెక్ తింటోంది. అతనికీ ఒకటి చాచింది. తీసుకోలేదు.

“మీకు ముందే తెలుసు,” అన్నాడు.

“పోయిన వసంతం నుంచి.”

“నాకు చెప్పలేదు.”

“చెబితే నువ్వు ఆమెని ప్రేమించడం మానేసేవాడివి. ఆమె ఒక్కరోజులో పసిగట్టేది.” ఆమె వేళ్ళు తుడుచుకుంది. “నిన్ను చూసే ఆమె ధైర్యంగా ఉంది, నాయనా. నువ్వు నిజంగా నమ్మావు కాబట్టి.”

“స్రెచ్కో వస్తున్నాడని నేను ఆమెకి చెబుతానని కూడా మీకు తెలుసు.”

ల్యెర్కా కిటికీలోంచి బయటికి చూసింది. అది చూశాక లోవ్రోకి ఇంకేమీ అడగాలనిపించలేదు. ఒకే వారంలో ఇద్దరు ఆడవాళ్ళు అతన్ని అమ్మేశారు. ఒకరు పరాయివాళ్ళకి, ఒకరు దేశానికి. ఎవరి బేరం ఎక్కువ అన్యాయమో అతనికి తేలలేదు. తలుపు తీసుకుని దిగి, ఎండలో కాఫీలు తాగుతున్న జనం మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం సంఘం మళ్ళీ కూర్చుంది. కార్యదర్శి ఇంటిపని మీద అర్జెంటుగా షిబెనిక్ వెళ్ళిందని చెప్పారు. ఆ కుర్చీలోకి ఎవరూ జరగలేదు. గడ్డం, మందపాటి కళ్ళజోడు పెట్టుకుని మాటో యురిచ్ మాత్రం వచ్చాడు. పంపినవాళ్ళెవరూ లేరు. తనే వచ్చాడు.

“పోయినవారం ఆగిపోయిన మాట,” అన్నాడు ప్రొఫెసర్ జగార్. “ఓసియెక్ సభ్యుడి ప్రతిపాదన, రూటర్. పాపం, అడ్డుపడే అమ్మాయి ఇవాళ లేదు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి.”

మాటో యురిచ్ చెయ్యెత్తాడు.

ప్రొఫెసర్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. “అదేంటి కొలేగా, ఆ మాట పెట్టమన్నది మీరే కదా?”

“నేనే,” అన్నాడతను. “నేను చెప్పేవన్నీ అలా నమ్మేయకండి ప్రొఫెసర్ గారూ. నమ్మినవాళ్ళెవరూ బాగుపడలేదు.”